పాత స్విచ్‌కి ఫర్మ్‌వేర్ ఎక్కించాలా, వద్దా?

బెంగళూరులో చిన్న ఆఫీసుల ర్యాకుల్లోనూ, మారతహళ్లి పీజీల మెట్ల కింద బిగించిన ఇనప డబ్బాల్లోనూ దుమ్ము పట్టిన సిస్కో క్యాటలిస్ట్ 2960లూ హెచ్‌పీ ప్రోకర్వ్‌లూ, అంటే కంప్యూటర్లనీ కెమెరాల్నీ వైర్లతో ఒకచోట కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు, ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి. కొన్ని ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి, కొన్ని ఏదో కంపెనీ ఖాళీ చేసి పోతే కుర్చీలు బల్లలతో పాటు వచ్చినవి. వాటి జోలికి ఎవరూ పోరు. నెట్ వస్తోంది, కెమెరాలు ఆడుతున్నాయి, ఇంకేం కావాలి. అలా ఏళ్లు గడిచాక ఒకరోజు ఆడిట్ అంటారు, లేదా కొత్త క్లయింట్ సెక్యూరిటీ ప్రశ్నల షీట్ ఒకటి పంపుతాడు, అందులో నెట్‌వర్క్ పరికరాల ఫర్మ్‌వేర్ (వాటిని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) తాజాగా ఉందా అని ఒక గడి ఉంటుంది. అప్పుడు గుర్తొస్తుంది ఆ డబ్బా.

అప్పుడు ఆఫీసులో రెండు పక్షాలు తయారవుతాయి. "నడుస్తున్నదాన్ని కెలకొద్దు సార్" అనేది ఒక పక్షం. లేటెస్ట్ ఏదుంటే అది దించి ఆదివారం పొద్దున్నే ఎక్కించేద్దాం అనేది ఇంకోటి. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది కానీ ఇద్దరూ ఒకటే పొరపాటు చేస్తారు, వెర్షన్ నంబర్ దగ్గరే ఆగిపోతారు. ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: ఇప్పుడున్న వెర్షన్‌లోని భద్రతా కన్నాల్లో బయటివాడు నిజంగా చేరుకోగలిగినవి ఏవి, ఎక్కించాక స్విచ్ లేవకపోతే వెనక్కి వచ్చే దారి ఉందా. రెండోది తేలకుండా ఫైల్ కాపీ మొదలుపెట్టడం కొరివితో తల గోక్కోవడమే.

కన్నాల సంగతి చూద్దాం. 2017 మార్చిలో వికీలీక్స్ వాల్ట్ 7 పేరుతో సీఐఏ పత్రాలు బయటపెట్టింది. సిస్కో వాళ్లు అవి తిరగేస్తే తమ స్విచ్‌లని నడిపే ఐఓఎస్‌లోని (ఐఫోన్‌ది కాదు, సిస్కోది) కన్నమే కనిపించింది. క్యాటలిస్ట్ స్విచ్‌లు ఒక గుంపుగా మాట్లాడుకోవడానికి వాడే క్లస్టర్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్ లోపల టెల్నెట్ (ఏ గుప్తతా లేని పాత రిమోట్ లాగిన్ పద్ధతి) మీదే నడుస్తుంది. ఆ గుంపు కోసం పెట్టిన ప్రత్యేక ఆప్షన్లు గుంపు లోపలి నుంచి వస్తేనే తీసుకోవాలి, కానీ స్విచ్ ఎవరు పంపినా తీసుకునేది. పాస్‌వర్డ్ ఏమీ అక్కర్లేకుండా మొత్తం స్విచ్ చేతికి వచ్చేసేది. సీవీఈ-2017-3881 అని దీనికి నంబర్ ఇచ్చారు, 300కి పైగా మోడల్స్ జాబితాలో ఎక్కాయి, వాటిలో 2960 కుటుంబం కూడా ఉంది.

మరుసటి ఏడాది ఇంకోటి. కొత్త స్విచ్‌ని డబ్బాలోంచి తీసి తగిలిస్తే చాలు, దానంతట అదే కాన్ఫిగరేషన్ తెచ్చుకోవాలని సిస్కో స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సదుపాయం పెట్టింది. టీసీపీ 4786 పోర్టులో వింటుంది, చాలా మోడల్స్‌లో ఎవరూ ఆన్ చేయకుండానే ఆన్‌లో ఉంటుంది. దానిలోని లోపాన్ని, సీవీఈ-2018-0171ని, సిస్కో 2018 మార్చిలో ప్రకటించింది. ఏప్రిల్‌లో ఇరాన్, రష్యాల్లో స్విచ్‌ల కాన్ఫిగరేషన్లు చెరిగిపోయి, వాటి చోట అమెరికా జెండా బొమ్మ, మా ఎన్నికల జోలికి రావొద్దన్న వాక్యం ప్రత్యక్షమయ్యాయి. ఒక్క ఇరాన్‌లోనే 3,500 స్విచ్‌లు దెబ్బతిన్నాయని ఆ దేశ ప్రభుత్వమే చెప్పింది. పాత కథలే అనుకోవడానికి లేదు, ఇదే కన్నాన్ని రష్యా గూఢచారి సంస్థ ఎఫ్‌ఎస్‌బీకి చెందిన హ్యాకర్లు సపోర్ట్ అయిపోయిన పరికరాల మీద ఇంకా వాడుతున్నారని ఎఫ్‌బీఐ 2025 ఆగస్టులో హెచ్చరించింది. ఏడేళ్ల తర్వాత కూడా పనిచేస్తోందంటే ప్యాచ్ చేయని డబ్బాలు ఎన్ని మిగిలి ఉండాలి!

ఇక్కడ చాలామంది దాటేసే విషయం ఒకటుంది. ఈ రెండు కన్నాల్నీ ఫర్మ్‌వేర్ ముట్టుకోకుండానే మూసేయొచ్చు. మొదటిదానికి టెల్నెట్ తీసేసి, అదే పని గుప్తంగా చేసే ఎస్‌ఎస్‌హెచ్ మాత్రమే ఉంచాలి. రెండోదానికి "నో విస్టాక్" అని ఒక్క లైన్, ఆ కమాండ్ లేనంత పాత వెర్షన్ అయితే 4786 పోర్టుని యాక్సెస్ లిస్టుతో (ఎవరిని రానివ్వాలో చెప్పే నియమాల జాబితా) ఆపేయడం. రీబూట్ లేదు, డౌన్‌టైమ్ లేదు, ఆదివారం పొద్దున్నే లేవక్కర్లేదు. అయితే ఒక మెలిక. ఇమేజ్ ఫైల్, అంటే ఫర్మ్‌వేర్ ఉన్న ఫైల్, పేరులో కే9 అన్న ముక్క ఉంటేనే అందులో ఎన్‌క్రిప్షన్ ఉన్నట్టు. అది లేని ఇమేజ్ మీద ఎస్‌ఎస్‌హెచ్ అనేదే ఉండదు, కాబట్టి టెల్నెట్ తీసేస్తే రిమోట్‌గా లోపలికి వెళ్లే దారే పోతుంది. సెకండ్ హ్యాండ్ స్విచ్‌ల్లో ఇలాంటివి కనిపిస్తుంటాయి. అలాంటి పెట్టెకి మాత్రం ఇమేజ్ మార్చడం తప్పదు, మార్చేదాకా టెల్నెట్‌ని ఒకే ఒక్క మెషీన్ ఐపీకి పరిమితం చేసుకోవాలి.

కాన్ఫిగరేషన్‌తో తీరని సమస్యలు కూడా ఉన్నాయి. పాత ఐఓఎస్‌కి తెలిసిన ఎస్‌ఎస్‌హెచ్ పద్ధతులు ఇప్పటి ల్యాప్‌టాప్‌లు ఒప్పుకోవు. అందరూ వాడే ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 2015లోనే గ్రూప్1 కీ ఎక్స్ఛేంజ్ అనే పాత పద్ధతిని డిఫాల్ట్‌గా ఆపేసింది, 2021లో వచ్చిన 8.8 వెర్షన్ షా-1తో సంతకం చేసే పాత ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని కూడా పక్కన పెట్టింది. వెబ్ పేజీ ద్వారా వెళ్దామంటే, క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లు వెబ్ పేజీలతో గుప్తంగా మాట్లాడే పాత పద్ధతులు టీఎల్‌ఎస్ 1.0, 1.1లకి 2020లో మంగళం పాడాయి. ఫలితం ఏమిటంటే, ఆ ఒక్క స్విచ్ తెరవడం కోసం డ్రాయర్‌లో విండోస్ 7 ల్యాప్‌టాప్ ఒకటి దాచిపెడతారు. ఆ ల్యాప్‌టాప్ స్విచ్ కంటే పెద్ద ప్రమాదం, కానీ దాని గురించి ఏ ఆడిట్ షీట్‌లోనూ గడి ఉండదు. ఆఖరి వెర్షన్‌కి వెళ్తే ఇది పూర్తిగా పోకపోయినా కొంత నయమవుతుంది.

కాబట్టి లెక్క ఇలా తేలుతుంది. మేనేజ్‌మెంట్ వీల్యాన్ (స్విచ్ లోపలికి లాగిన్ అవడానికి విడదీసిన నెట్‌వర్క్ భాగం) విడిగా ఉండి, అందులోకి ఇద్దరు ముగ్గురికే దారి ఉండి, టెల్నెట్టూ స్మార్ట్ ఇన్‌స్టాలూ ఆగిపోయి ఉంటే, ఆ స్విచ్ ఇంకో ఏడాది అలాగే ఉన్నా కొంప మునగదు. పీజీలో అలా కుదరదు. అక్కడ చాలాచోట్ల అంతా ఒకే నెట్‌వర్క్. పై అంతస్తులో సెక్యూరిటీ కోర్సు నేర్చుకుంటున్న కుర్రాడు సరదాగా ఒక స్కాన్ కొట్టినా స్విచ్ లాగిన్ పేజీ ఎదురొస్తుంది. అక్కడ వీల్యాన్ విడదీయడం ముందు, ఫర్మ్‌వేర్ తర్వాత.

సరే, ఎక్కించాలనే తేలింది. ఫైల్ ఎక్కడిది? సిస్కోకి సర్వీస్ కాంట్రాక్ట్ ఉండాలి, అయితే తీవ్రమైన సెక్యూరిటీ లోపాలకి కాంట్రాక్ట్ లేనివాళ్లు కూడా సీరియల్ నంబర్, ఆ లోపం గురించి సిస్కో ఇచ్చిన ప్రకటన లింకూ చూపించి టాక్ (సిస్కో సపోర్ట్ విభాగం) ద్వారా సరిచేసిన ఇమేజ్ అడగొచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకి మాత్రం చిక్కే, సిస్కో లెక్కలో సాఫ్ట్‌వేర్ లైసెన్స్ పెట్టెతో పాటు చేతులు మారదు. హెచ్‌పీ ప్రోకర్వ్ కుటుంబం ఈ విషయంలో మంచిది, ఫర్మ్‌వేర్ ఉచితంగానే ఇస్తూ వచ్చింది. మిగిలింది టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో పెట్టిన డ్రైవ్ లింక్. ఒక ఆఫీసు ట్రాఫిక్ అంతా పోయే పెట్టెలో ఎవరిదో తెలియని ఇమేజ్ పెట్టడం కంటే పాత వెర్షన్‌తో జాగ్రత్తగా ఉండటమే మేలు. ఎక్కడ తెచ్చినా కంపెనీ పేజీలో ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైల్ మారలేదని తేల్చే సంఖ్య) పోల్చాలి, ల్యాప్‌టాప్‌లో ఒకసారి, స్విచ్ ఫ్లాష్ మెమరీలోకి చేరాక "వెరిఫై" కమాండ్‌తో ఇంకోసారి.

సెకండ్ హ్యాండ్ పెట్టెకి ఇంకో గండం ఉంది. 2020 జులైలో భద్రతా సంస్థ ఎఫ్-సెక్యూర్ ఒక నివేదిక ఇచ్చింది. ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేశాక క్యాటలిస్ట్ 2960-ఎక్స్ స్విచ్‌లు కొన్ని పనిచేయడం మానేశాయి, విప్పి చూస్తే నకిలీవి. బూట్ అయ్యేటప్పుడు జరిగే అసలు-నకిలీ తనిఖీని దాటేసే ఏర్పాటు వాటిలో ఉంది. దొంగదారి లాంటిదేమీ కనిపించలేదని ఆ నివేదికే చెప్పింది, అది వేరే సంగతి. అప్‌గ్రేడ్ చేసేదాకా నకిలీ అని ఎవరికీ తెలియలేదన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి. రేటు మరీ చవగ్గా వచ్చిన 2960-ఎక్స్ మీద ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు పక్కన ఇంకో స్విచ్ రెడీగా లేకపోతే సోమవారం పొద్దున ఆఫీసుకి ఏం చెప్తారో ముందే అనుకోవాలి.

రీబూట్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం భయపడేది ఫర్మ్‌వేర్‌కి, దెబ్బ తగిలేది ఎక్కువగా రీబూట్ దగ్గర. "షో వెర్షన్" కొడితే అప్‌టైమ్ ఐదారేళ్లు చూపించే స్విచ్ ఉంటే దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. అంటే ఆ ఐదారేళ్లలో ఎవరెవరో వచ్చి చేసిన మార్పులన్నీ మెమరీలోనే ఉండొచ్చన్నమాట, ఎవరైనా "రైట్ మెమరీ" కొట్టడం మర్చిపోయి ఉంటే రీబూట్‌తో అవన్నీ గాల్లో కలిసిపోతాయి. పోర్ట్ 17 ఏ వీల్యాన్‌లో ఉండేదో చెప్పే మనిషి ఈపాటికి హైదరాబాద్‌కో డల్లాస్‌కో వెళ్లిపోయి ఉంటాడు. అందుకే రన్నింగ్ కాన్ఫిగ్‌నీ (ఇప్పుడు నడుస్తున్నది) స్టార్టప్ కాన్ఫిగ్‌నీ (సేవ్ అయి ఉన్నది) పక్కపక్కన పెట్టి తేడాలు చూడాలి, చూసి సేవ్ చేయాలి, రెండు కాపీలూ స్విచ్ బయట ఎక్కడైనా ఉంచాలి. ఇంకోటి, సిస్కోలో వీటీపీ (వీల్యాన్ల జాబితాని స్విచ్‌ల మధ్య పంచే పద్ధతి) సర్వర్ మోడ్‌లో ఉంటే వీల్యాన్ల జాబితా కాన్ఫిగ్‌లో కనిపించదు, ఫ్లాష్‌లో వీల్యాన్.డ్యాట్ అనే విడి ఫైల్‌లో ఉంటుంది. కాన్ఫిగ్ మాత్రం బ్యాకప్ తీసుకుని, తర్వాత ఏదో అయి ఫ్లాష్ ఫార్మాట్ చేయాల్సి వస్తే, పోర్టులన్నీ లేని వీల్యాన్లకి వేలాడుతుంటాయి. కాన్ఫిగ్ అంతా సరిగ్గానే ఉంటుంది, ట్రాఫిక్ మాత్రం పోదు, ఎందుకో గంటసేపు అర్థం కాదు. లాగ్స్ కూడా ముందే తీసిపెట్టుకోవాలి, మామూలుగా అవి ర్యామ్‌లో ఉండే 4,096 బైట్ల చిన్న బఫర్‌లోనే ఉంటాయి, రీబూట్‌తో పోతాయి.

కరెంటు తీసి పెట్టడం, "రీలోడ్" కొట్టడం ఒకటి కాదు. రీలోడ్‌లో పవర్ సప్లై ఆగదు, సాఫ్ట్‌వేర్ మాత్రమే మళ్లీ మొదలవుతుంది. పదేళ్లు వేడిలో నానిన కెపాసిటర్లు మొరాయించేది పూర్తిగా చల్లారి మళ్లీ మొదలయ్యేటప్పుడు. బెస్కామ్ కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, తిరిగొచ్చాక లేవని స్విచ్‌ల కథ ఇదే. కాబట్టి అప్‌గ్రేడ్ తర్వాత ఏదో తేడాగా ఉందని వెంటనే ప్లగ్ పీకడం పాత పెట్టె మీద మంచి అలవాటు కాదు. పైగా కొన్ని మోడల్స్‌లో పెద్ద వెర్షన్ మార్పు తర్వాత మొదటి బూట్‌లో లోపలి చిప్‌ల మైక్రోకోడ్ కూడా మారుతుంది, కన్సోల్ (ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో స్విచ్‌కి నేరుగా తగిలించి చూసే తెర) మీద చాలాసేపు ఏమీ కదలదు. టెన్షన్ పడి అప్పుడు కరెంటు తీస్తే స్విచ్ నిజంగానే పోవచ్చు. కన్సోల్ కేబుల్ పెట్టుకుని చూస్తూ కూర్చోవడం తప్ప ఇంకో మార్గం లేదు. ఆ కేబుల్ కూడా ముందురోజే పరీక్షించుకోవాలి, చవక యూఎస్‌బీ కన్వర్టర్లలో నకిలీ ప్రోలిఫిక్ చిప్ ఉంటే కొత్త విండోస్ డ్రైవర్ దాన్ని గుర్తించి పనిచేయనివ్వదు.

ఫైల్ ఎక్కించడం దీని ముందు చిన్న పని. మామూలు 2960లో ఫ్లాష్ 32 ఎంబీ. ఐఓఎస్ 15.0 వరుస ఇమేజ్ సుమారు 12 ఎంబీ, కాబట్టి పాతదీ కొత్తదీ రెండూ పడతాయి, వెబ్ పేజీల ఫోల్డర్ పెద్దగా ఉంటే ఇరుకవుతుంది. ఇరుకైందని పాత ఇమేజ్‌ని ముందే తుడిచేసి కొత్తది కాపీ చేయడం ప్రమాదం, మధ్యలో కరెంటు పోతే ఫ్లాష్‌లో బూట్ అవడానికి ఏమీ మిగలదు. వెబ్ ఫోల్డర్ తీసేయొచ్చు, దానితో పెద్దగా పని లేదు. కాపీకి అందరూ వాడేది టీఎఫ్‌టీపీ అనే ఫైళ్లు పంపే పాత పద్ధతి, యూడీపీ 69 పోర్టు, 512 బైట్ల ముక్క పంపి జవాబు వచ్చేదాకా ఆగే పద్ధతి. అందులో ముక్కల లెక్క 16 బిట్లదే కాబట్టి పాత పద్ధతిలో 32 ఎంబీ దాటిన ఫైల్ పోదు, కొత్త మోడల్స్ పెద్ద ఇమేజ్‌లు మధ్యలో ఆగిపోవడానికి ఒక కారణం ఇదే. స్క్రీన్ మీద ఆశ్చర్యార్థకాల వరుస పెరుగుతూ పోతే కాపీ అవుతున్నట్టు. చుక్కలు పడుతుంటే టైమవుట్ అవుతున్నట్టు, అప్పుడు స్విచ్‌ని అనుమానించే ముందు ల్యాప్‌టాప్‌లో విండోస్ ఫైర్‌వాల్ చూడండి.

లేవకపోతే? సిస్కోలో ముందున్న మోడ్ బటన్ నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే బూట్‌లోడర్ (ఇమేజ్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) ప్రాంప్ట్ వస్తుంది. ఫ్లాష్‌లో పాత ఇమేజ్ ఉంటే "బూట్" అని దాని పేరు ఇస్తే అయిపోతుంది, రెండు నిమిషాల పని. పాతదాన్ని అట్టిపెట్టుకోమనేది అందుకే. అది లేకపోతే కన్సోల్ కేబుల్ మీదుగా ఎక్స్‌మోడెమ్‌తో పంపాలి. 1977 నాటి పద్ధతి అది. 9600 స్పీడులో సెకనుకి 960 బైట్లు, 12 ఎంబీ పోవడానికి మూడున్నర గంటలు. బూట్‌లోడర్‌లోనే స్పీడ్ 115200కి పెంచుకుంటే పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలుతుంది, ఈ ఒక్క లైన్ తెలియక రాత్రంతా కూర్చున్నవాళ్లు ఉన్నారు. ప్రోకర్వ్‌లో ఇంత గొడవ లేదు, ప్రైమరీ, సెకండరీ అని రెండు గదులుంటాయి, కొత్తదాన్ని సెకండరీలో పెట్టి అక్కడినుంచి బూట్ చేసి చూడొచ్చు, నచ్చకపోతే ప్రైమరీకి వచ్చేయొచ్చు.

వెనక్కి వచ్చే దారిలో ఒక ముల్లు. సిస్కో 15.0(2)ఎస్‌ఈ వచ్చిన కాలంలో టైప్ 4 అనే కొత్త రకం పాస్‌వర్డ్ దాచే పద్ధతి తెచ్చింది. దాన్ని అనుకున్నట్టు కట్టలేదనీ, ఉప్పు (పాస్‌వర్డ్‌కి కలిపే యాదృచ్ఛిక ముక్క) కలపకుండా ఒక్కసారి షా-256 తిప్పి వదిలేశారనీ 2013 మార్చిలో కంపెనీయే ఒప్పుకుంది. భద్రత సంగతి అటుంచితే, 15.0లో కొత్తగా సీక్రెట్ పెట్టి, తర్వాత ఏదో నచ్చక 12.2కి దిగితే, ఆ పాత వెర్షన్‌కి టైప్ 4 అంటే ఏమిటో తెలియదు, లోపలికి రానివ్వదు. కాబట్టి కొత్త వెర్షన్ కుదురుకునేదాకా పాస్‌వర్డులు మార్చకూడదు, దిగాల్సి వస్తే అప్పటి కాన్ఫిగ్ బ్యాకప్‌తోనే దిగాలి.

టైమ్ ఎప్పుడు అన్నది ఊరిని బట్టి. అమెరికా షిఫ్టు ఆఫీసుకి శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం దాకా ఖాళీ. పీజీలో ఆదివారం పెడితే తిట్లే, అక్కడ మామూలు రోజు పదకొండు గంటలకి అందరూ ఆఫీసుల్లో ఉంటారు. "అన్నా, పది నిమిషాలే" అని ఓనర్‌కి చెప్పే ముందు లెక్క వేసుకోవాలి. స్విచ్ లేవడానికే నాలుగైదు నిమిషాలు, ఆ పైన పోర్ట్‌ఫాస్ట్ (పోర్టుని వెంటనే తెరిచే సెట్టింగ్) లేని పోర్టుల్లో స్పానింగ్ ట్రీ, అంటే నెట్‌వర్క్‌లో ట్రాఫిక్ గుండ్రంగా తిరగకుండా చూసే ఏర్పాటు, ఇంకో 30 సెకన్లు తీసుకుంటుంది. పీఓఈ స్విచ్ (నెట్ వైరు మీదే కరెంటు కూడా ఇచ్చేది) అయితే కెమెరాలు, వైఫై పెట్టెలు, ఫోన్లు అన్నీ ఒకేసారి ఆరి ఒకేసారి లేస్తాయి, తలుపు దగ్గర వేలిముద్ర యంత్రం కూడా అదే స్విచ్ మీద ఉంటే పని చేసే మనిషి తలుపుకి ఏ వైపు ఉండాలో ముందే ఆలోచించుకోవడం మంచిది.

లేచాక వెర్షన్ నంబర్ చూసి సంతోషపడి వెళ్లిపోకూడదు. ముందు ఎన్ని పోర్టులు అప్‌లో ఉండేవో ఇప్పుడూ అన్నే ఉన్నాయా, ట్రంక్‌లో (స్విచ్‌ల మధ్య అన్ని వీల్యాన్లూ మోసే లైను) అన్ని వీల్యాన్లూ వస్తున్నాయా, స్మార్ట్ ఇన్‌స్టాల్ మళ్లీ మొదలవలేదు కదా, ఇవి చూడాలి. గడియారం కూడా. ఈ 2960లలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు, ఎన్‌టీపీ (నెట్ నుంచి సమయం తెచ్చుకునే పద్ధతి) లేకపోతే రీబూట్ కాగానే 1993 మార్చి 1 నుంచి మొదలవుతాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్స్ 180 రోజులు ఉంచాలి, గడియారాలు ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో కలవాలి, 1993 తేదీలున్న లాగ్స్ పట్టుకెళ్లి ఎవరికి చూపిస్తారు?

ఇదంతా చేసినా స్విచ్ వయసు తగ్గదు. మామూలు 2960-24టీటీ లాంటి మోడల్‌లో 24 పోర్టులూ 10/100వే, పైన రెండు మాత్రమే గిగాబిట్. ఇప్పుడు పీజీల్లో 300 ఎంబీ లైను తీసుకుని దాన్ని వంద దగ్గర ఆపే పోర్టులోకి గుచ్చి, వైఫై స్లో అని ప్రొవైడర్‌తో గొడవపడుతుంటారు. ఏ ఫర్మ్‌వేరూ దాన్ని గిగాబిట్ చేయదు. ఆఖరి వెర్షన్ ఎక్కించి, మేనేజ్‌మెంట్ బిగించి, ఆ పెట్టెని కెమెరాలకి వదిలేయడం సబబు, ఒక్కో కెమెరాకి కావాల్సింది కొన్ని ఎంబీపీఎస్‌లే. నెట్ లైనుకి మాత్రం వేరే గిగాబిట్ స్విచ్ కొనాలి, బిల్లూ వారంటీ ఉన్నది.